రెండో వైపు

సేటు ముందుగాల గొంతులు వినలే,
చొక్కాల కొలతలు తీయించిండు.
గువ్వ మార్కు బీడీలకు నలుగురు పోరగాండ్లు కావాలె,
జులపాలుండాలె, పండ్లు తెల్లగుండాలె.
అరవై ఏడుల, వరంగల్ చౌరస్త కాడ ఓ మేడ మీద
ఒక్క పగటిపూట తయారైంది బ్యాండు,
కట్టకు ఇరవై అయిదు చుట్టినంత అల్కగ.
నాలుగు పసుపు చొక్కాలు.
పేరు కూడ సేటుదే: నాలుగు గువ్వలు.

జీపు మీద నిలవడి
నర్సంపేట, పరకాల, జనగామ తిరిగిన్రు.
లోపల రికార్డు పాడుతుంటె పైన చేతులు ఆడిచ్చిన్రు.
జనం ఊకుంటరా?
"తీగ ముట్టకుంటనే మోగుతాందిరో!"
ఆ నవ్వు
ఏ ఊరికైన జీపు కంటె ముందే చేరేది.
నవ్వినోళ్ళల్ల నేనొకన్ని.

నాది రేడియోల రిపేరు.
హన్మకొండల సందు లోపల సందు.
పాడుడు రాదు నాకు,
పాట ఎక్కడ తెగిందో చూసుడే వచ్చు.
మొన్న పాత ఇనుపసామానాయన తూకానికమ్మిన కుప్పల
ఈ రికార్డు దొరికింది, అంచు కొద్దిగ పలిగి.

మొదటి వైపు అందరికెరికే.
మద్రాసు నుంచి కిరాయికి దిగినోళ్ళు వాయించింది.
నున్నగుంటది. గిల్టు గాజు.
రెండో వైపు నాటికి వానలకు కట్ట తెగి
మద్రాసు రైలు రాలేదట.
గది కిరాయి దండుగైతదని సేటు అన్నడట:
"మీరే కానియ్యిన్రి. ఆ వైపు ఎవడింటడు?"

ఎవడూ వినలే. యాభై ఏండ్లు నేనూ వినలే.

ముల్లు దింపిన.
ముందు ఓ కుర్చీ కిర్రుమన్నది.
ఎవడో సకిలించిండు, మళ్ళ మొదలువెట్టలే.
అప్పుడొచ్చింది కింది తీగ.
విల్‌ఫ్రెడ్‌ది. కాజీపేట రైల్వే కాలనీ, ఫైర్‌మన్ కొడుకు.
చరణం మలుపుల అందరు పైకి పోతుంటె
తానొక్కడు కిందికి దిగుతడు,
ఒక మెట్టు, ఇంకో మెట్టు, ఆరు.
ఏడోదానికి మన కాలు లేస్తది.
మెట్టుండది.
అక్కడ ఊకుంటడు.
ఆ ఊకునుడు ఎవడు నేర్పిండు వానికి?

యాకూబ్ పాషా గిటారు అరచెయ్యి కిందనే గొణుగుతది,
ఎన్నడు ముందుకు రాదు.
వాడు తప్పుకున్న జాగల
మిల్లు కార్మికుని కొడుకు సారంగపాణి పాడుతున్నది
బీడీ కమ్మదనం గురించే,
కని మాట చివర ఎట్ల వదిలిండంటె
అది బీడీ అని రెండోసారి విన్నంకగని యాదికిరాలే.

ఇగ బీరయ్య. ఒగ్గు కథల ఇల్లు.
డ్రమ్ము ఇంగ్లీషుది, మణికట్టు తాతది.
దెబ్బ పడాల్సిన తావుకు
ఎంట్రుకవాసి ముందు పడతది.
రిపేరు చేసేటోని బుద్ధి కదా,
స్పీడు తప్పిందని మోటరు ఇప్పి చూసిన.
మోటరు మంచిగనే ఉన్నది.

నలుగుట్ల మిగిలింది ఆయనొక్కడే.
ధర్మసాగర్ దిక్కు రైసుమిల్లుల వాచ్‌మన్.
మిషిని సంచిల పెట్టుకొని బస్సెక్కిన.
"మేమెక్కడ వాయించినమే,
అంత మద్రాసోళ్ళే," అన్నడు,
ఎన్నిసార్లు అన్నదో ఆ మాట, అరిగి ఉన్నది.
నేను వాదులాడలే. రెండో వైపు పెట్టిన.

ఆయన గేటు దిక్కు చూసిండు.
వడ్ల లారీ ఒకటి ఎనకకొస్తున్నది.
లేచి చెయ్యూపి, "రానీ, రానీ, ఆప్" అని మళ్ళొచ్చి కూసున్నడు.
పాట సగమైంది. చాయ చల్లారింది.
నేను గ్లాసు చూస్తున్న.
ఉంగరం లేని ఉంగరపేలు
గ్లాసు అంచుకు తాకుతున్నది,
ఎంట్రుకవాసి ముందు,
ప్రతిసారి, ఎంట్రుకవాసి ముందు.

ముల్లు నడుమకు పోయి గరగరమన్నది.
ఎత్తిన.
శాన సేపటికి అన్నడు:
"ఆ కుర్చీ నాదే.
ఓ కాలు పొట్టిది.
కింద బీడీల అట్ట మడిచి పెట్టిన,
జారింది."